నానమ్మ ఇచ్చిన చోటు

ఈ ఏడు మిరప కోతలు మొదలైన వారంలో నాన్న ఫోన్ చేశారు. ఆయన ఫోనుకి ఒక వరస ఉంటుంది. ముందు మా పాప దగ్గు సంగతి అడుగుతారు, తర్వాత కంచికచర్లలో మబ్బు పట్టిందా అంటారు, ఆ పైన "ఇదిగో, మీ అమ్మతో మాట్లాడు" అని ఫోన్ అమ్మ చేతిలో పెట్టేస్తారు. బడిపంతులుగా రిటైరయ్యారు కానీ గంట కొట్టగానే పాఠం ఆపేసే అలవాటు పోలేదు. ఆ రోజు మాత్రం వరస తప్పారు. "మన సమాధుల దొడ్డికి ప్రహరీ కడుతున్నామమ్మా," అన్నారు. "లోపల చోటు చాలట్లేదు. రాయి లేని దిబ్బలన్నీ ఈస్టర్ వెళ్ళాక చదును చేసేద్దామని సంఘంలో అనుకున్నాం. రాయి ఉంటే దాని జోలికెవరూ పోరు. మీ నానమ్మ పక్కనున్న చిన్న దిబ్బ ఉంది చూడు, దానికి నేనే రాయి వేయిస్తా. కానీ ఏం పేరు చెక్కించను?"

ఆ దిబ్బ కిందున్న పసిపిల్లని నేను చూశాను. తెల్ల పంచె ముక్కలో చుట్టి నానమ్మ ఎత్తుకుని వస్తుంటే, వెనకాలే నడిచాను. అయినా ఆ పాప పేరు నాకు తెలియదు. అమ్మకీ తెలియదు, నాన్నకీ తెలియదు. ఇన్నేళ్ళుగా ఆ దిబ్బని మేమంతా "ఆ పాపది" అనే అంటున్నాం.

మా ఊరు నందిగామ దాటి జగ్గయ్యపేట వైపు వెళ్తుంటే హైవే దిగి లోపలికి వెళ్ళాలి. టౌనంటే నందిగామ వాళ్ళు నవ్వుతారు, పల్లెటూరంటే మా ఊరివాళ్ళకి కోపం వస్తుంది. ఎరువుల కొట్లు, పురుగుమందుల కొట్లు, బ్యాంకు, ఒక నగల దుకాణం, ఎప్పుడూ తాళం వేసి ఉండే గ్రంథాలయం ఉన్నాయి. బస్సు కోసం నిలబడ్డానికి మాత్రం నీడ లేదు. మెయిన్ రోడ్డుకి ఆ పక్కది ఊరు, ఈ పక్కది పేట. మేం పేటవాళ్ళం. నా చిన్నప్పుడు నానమ్మ రోడ్డు దాటేటప్పుడు "ఊళ్ళోకెళ్ళొస్తా" అనేది. మేం ఉన్నది కూడా ఊరే కదా అని అడిగితే, "అవునే, నిన్ను అడిగి పెట్టార్లే పేర్లు," అని నవ్వేసేది.

నానమ్మ పేటలో మిషన్ బడి ఉన్న రోజుల్లో చిన్న తరగతులకి పాఠాలు చెప్పింది. బడి ఎత్తేశాక ఇంటింటికీ తిరిగి ప్రార్థనలు చేసేది. పొట్టిగా, గట్టిగా ఉండేది. ఆవిడ వెంట బజారుకి వెళ్ళడమంటే నాకు సగం సరదా, సగం శిక్ష. అడుగడుక్కీ ఎవరో ఒకరు పలకరిస్తారు. వాళ్ళు అటు వెళ్ళగానే వాళ్ళ పుట్టుపూర్వోత్తరాలు నాకు చెప్పేది. అలా మా ఊరి చరిత్ర నాకు సరుకుల సంచీ మోస్తూనే వంటబట్టింది. ఆవిడ లెక్కలో ఈ ఊరికి చెందినవాడంటూ ఎవడూ లేడు. అందరూ ఎక్కడినుంచో వచ్చినవాళ్ళే. ఆసాములు డెల్టా నుంచి వచ్చారు. అక్కడ ఎకరం అమ్మితే ఇక్కడ బోలెడంత నేల వచ్చే రోజులట. "నీళ్ళమ్ముకుని రాళ్ళు కొనుక్కున్నారు" అనేది నానమ్మ. వాళ్ళ వెనకే జగ్గయ్యపేట నుంచి కోమట్లు వచ్చి కొట్లు పెట్టారు. ఎడ్లకి లాడాలు కొట్టడానికి సాయిబులు వచ్చారు. ఎడ్లు పోయాక వాళ్ళ పిల్లలు ట్రాక్టర్ల మెకానిక్కులయ్యారు. తెలంగాణ గట్టు వైపున్న తండా వాళ్ళు ఆవుల్ని తోలుకొచ్చి ఆగిపోయారు. మేం కరువుకి వచ్చాం. మా ముత్తాత పడమటి నుంచి చెరువు మట్టి పనికొచ్చి, పని అయిపోయాక వెనక్కి వెళ్ళడానికి దారి ఖర్చు లేక ఉండిపోయాడట. "దేవుడు పిలిచాడని మీ నాన్న చెప్తాడు. పిలవడానికి ముందు మీ ముత్తాతకి ఆకలేసింది. అది చెప్పడు," అనేది.

ఎవరిది ఏ ఊరో తేల్చడానికి నానమ్మకి ఒక పద్ధతి ఉండేది. ఎక్కడ పుట్టావని అడగదు, మీ వాళ్ళని ఎక్కడ పెట్టారని అడుగుతుంది. ఆసాముల ఇళ్ళల్లో మొదట్లో ఎవరైనా పోతే బండి కట్టి మునేరు దాటించి పాత ఊరికే తీసుకెళ్ళేవాళ్ళట. ఒక వానాకాలం ఏరు పొంగి బండి దాటలేదు. ఒక పెద్దాయన్ని రెండు రోజులు ఇంట్లో ఉంచుకుని, ఇక తప్పక వాగు గట్టున దహనం చేశారు. "ఆ ఏడాది నుంచే వాళ్ళు ఇక్కడ పెంకుటిళ్ళు కట్టారు. అంతకుముందు పాకల్లోనే ఉండేవాళ్ళు," అనేది. ఇది నిజమో కాదో నాకు తెలియదు. మా ఊళ్ళో మాత్రం నాలుగు దిక్కులా నాలుగు చోట్లున్నాయి. వాగు గట్టున ఊరివాళ్ళ శ్మశానం, చింతల కింద సాయిబుల ఖబరస్తాన్, తండా వెనక వాళ్ళది, పేట చివర మా సమాధుల దొడ్డి. బతికున్నప్పుడు పొలాల్లో, బస్సుల్లో, రేషన్ కొట్టు దగ్గర అందరూ ఒకరినొకరు తోసుకుంటూనే ఉంటారు. పోయాక ఎవరి దిక్కు వాళ్ళది.

ఆ నాలుగు దిక్కుల్లో దేనికీ చెందనివాళ్ళు ఏటా వచ్చేవాళ్ళు. మిరపకాయలు కోయడానికి కర్నూలు పడమటి ఊళ్ళ నుంచి ముఠాలు దిగేవి. లారీలో గిన్నెలు, గోనెసంచులు, కోళ్ళు, పిల్లలు అన్నీ కలిసి వచ్చేవి. చేల గట్లమీద పరదాలతో గుడారాలు వేసుకుని, ఉగాదికి ముందు మళ్ళీ లారీ ఎక్కేవాళ్ళు. ఆ మూడు నెలలూ మా ఊళ్ళో పొద్దున్నే వినపడేది వాళ్ళ మాటే. మా పేట ఆడవాళ్ళు కూడా కోతలకి వెళ్ళేవాళ్ళు కానీ, పంటంతా ఎత్తాలంటే వాళ్ళు రావలసిందే. కొట్టువాళ్ళు వాళ్ళకోసం జొన్నపిండి తెప్పించేవాళ్ళు. అలాగని వాళ్ళు ఎవరని ఎవరూ అడిగేవాళ్ళు కాదు. వాన ఎక్కణ్ణుంచి వచ్చిందని అడగనట్టే.

నేను మూడో తరగతిలో ఉన్నప్పుడు మా పేట పక్క చేలో దిగిన ముఠాలో మేస్త్రి కోడలు నెలల పిల్లతో వచ్చింది. తనకే అప్పటికి ఇరవై ఏళ్ళు ఉంటాయో ఉండవో. తుమ్మచెట్టుకి చీర ఉయ్యాల కట్టి, సాలు చివరికి వచ్చినప్పుడల్లా ఒక ఊపు ఊపి వెళ్ళేది. నేను బడి నుంచి వచ్చి ఆ ఉయ్యాల ఊపడానికి వెళ్ళేదాన్ని. పాప ముక్కు ఎప్పుడూ ఎర్రగా ఉండేది. మిరప ఘాటుకి మాకందరికీ ముక్కులు ఎర్రగానే ఉండేవి కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. మంచు ఎక్కువగా పడుతున్న రోజుల్లో పాపకి జ్వరం వచ్చింది, ఆయాసం పట్టింది. మేస్త్రి కోడలు రాత్రంతా చూసి, తెల్లారి ఆటోలో నందిగామ తీసుకెళ్తుంటే దారిలోనే పాప చల్లబడిపోయింది. ఆటో అక్కణ్ణుంచే వెనక్కి తిరిగింది.

ఇప్పుడు పాపని ఎక్కడ పెట్టాలి? వాళ్ళ ఊరు రాత్రంతా ప్రయాణం. లారీ మాట్లాడుకునే స్తోమత లేదు. మేస్త్రి చేను ఆసామిని అడిగాడు. ఆయన చెడ్డవాడు కాదు, కళ్ళనీళ్ళు కూడా పెట్టుకున్నాడు. కానీ "పంట పండే నేలలో ఎట్టా పెడతారయ్యా, ఊళ్ళో పెద్దల్ని అడగండి," అన్నాడు. ఊళ్ళో పెద్దలు వాగు గట్టున ఎవరి చోటు వాళ్ళకి పంచి ఉందని, తండా వైపు అడగమని అన్నారు. తండాలో వాళ్ళ నాయకుడు ఊళ్ళో లేడన్నారు. మెకానిక్కు సాయిబు "మా పద్ధతి వేరు కదా మేస్త్రీ, లేకపోతే నాదేముంది," అన్నాడు. ఎవరూ పొమ్మనలేదు. అందరూ పక్కవాళ్ళని అడగమన్నారు. మధ్యాహ్నానికి ఆ ఊరేగింపు తిరిగి తిరిగి పేటకి చేరింది. మేస్త్రి కోడలు పిల్లని ఎవరికీ ఇవ్వకుండా మా అరుగు మీద కూర్చుంది. రొమ్ము పాలతో రవిక తడిసిపోయి ఉంది. ఇది నాకు అప్పుడు అర్థం కాలేదు. మా పాప పుట్టాక, ఒకరోజు పిల్ల పాలు తాగకుండా నిద్రపోతే నా జాకెట్టు తడిసినప్పుడు, ఉన్నట్టుండి ఆ అరుగు కళ్ళముందుకొచ్చి కూలబడిపోయాను.

మా సంఘపెద్ద ఒకాయన వచ్చి నానమ్మతో గొంతు తగ్గించి మాట్లాడాడు. "అమ్మగారూ, జాలి సరే. బాప్తిస్మం లేని బిడ్డ. రేపు అందరూ వచ్చి అడిగితే ఏం చెప్తాం?"

"పాలు తాగే పిల్లయ్యా అది. దానికి నీ మతం, నా మతం ఏం తెలుసు?"

"చోటు కూడా లేదు కదండీ. ఉన్నవన్నీ ఎవరివి వాళ్ళవి."

"నాది ఉందిగా," అంది నానమ్మ. "మీ బాబాయిగారి పక్కన నాకని వదిలారు. అది నాదేగా? అందులో ఎవర్ని పడుకోబెట్టుకుంటానో నా ఇష్టం."

ఆయన ఇంకేదో అనబోయాడు. ఈవిడ అప్పటికే తాతయ్య పాత పంచె చింపుతోంది. అలా తాతయ్య పక్కన నానమ్మ కోసం వదిలిన చోటులో ఆ పాపని పెట్టారు. నానమ్మే ప్రార్థన చేసింది. "ప్రభువా, ఈ పాపని నీ ఒళ్ళో పెడుతున్నాం," అంది. పేరు అడగలేదు. ఎవరికీ తోచలేదు. ఏడ్చే తల్లిని పట్టుకోవడానికే మనుషులు చాలలేదు.

ఆ తర్వాత ఏటా ఆ ముఠా మా చేలకే వచ్చేది. లారీ ఎక్కే ముందురోజు మేస్త్రి కోడలు తలస్నానం చేసి, కొంగులో బొరుగులూ బెల్లం కట్టుకుని సమాధుల దొడ్డికి వెళ్ళేది. మేం మరమరాలంటాం, వాళ్ళు బొరుగులంటారు. దిబ్బ మీద కొన్ని చల్లి, మిగిలినవి మా ఇంటికి తెచ్చి నాకు పెట్టేది. సమాధి దగ్గరికి తీసుకెళ్ళినవి తినొచ్చా లేదా అని నేను అమ్మ ముఖం చూస్తే, నానమ్మ ముందు తను ఒక గుప్పెడు నోట్లో వేసుకునేది. ఇద్దరూ అరుగు మీద కూర్చుని వాళ్ళ ఊరి కరువు గురించి, మా ఊరి తెగుళ్ళ గురించి మాట్లాడుకునేవాళ్ళు. తర్వాత మేస్త్రి కోడలికి ఇద్దరు మగపిల్లలు పుట్టారు. వాళ్ళూ ఆ తుమ్మచెట్టు ఉయ్యాల్లోనే పెరిగారు. వాళ్ళని మాత్రం రోజుకొకసారి నానమ్మ వెళ్ళి నుదురు పట్టుకు చూసొచ్చేది.

నానమ్మ పోయినప్పుడు తన చోటులో తనకి చోటు లేదు. పక్కనున్న కుటుంబం వాళ్ళు తమ భాగంలో కొంత వదిలితే, పాపకి అవతలి పక్కన పెట్టాం. అంటే తాతయ్యకీ నానమ్మకీ మధ్య ఆ పాప.

ఇప్పుడు మా ఊరు వేరు. ఆసాముల పిల్లలు కొందరు విజయవాడలో వ్యాపారాల్లో ఉన్నారు, కొందరు విదేశాల్లో ఉన్నారు. పొలాలు కౌలుకిచ్చారు. మా పేటలో చదువుకున్నవాళ్ళం టీచర్లుగా, నర్సులుగా, రైల్వే ఉద్యోగాల్లో చెల్లాచెదురయ్యాం. సాయిబుల పిల్లలు గల్ఫ్ వెళ్ళి వచ్చి హైవే మీద షాపులు పెట్టుకున్నారు. జగ్గయ్యపేట సిమెంటు ఫ్యాక్టరీల్లో పనిచేసే ఉత్తరాది కుర్రాళ్ళు మా ఊరి ఖాళీ ఇళ్ళల్లో అద్దెకుంటున్నారు. నానమ్మ ఉంటే సంచీ మోస్తూ వినడానికి నాకు ఇంకో అధ్యాయం దొరికేది. ఊరికి జనం తగ్గలేదు. కానీ బజారులో నిలబడితే నన్ను "ఎవరమ్మాయివి?" అని అడిగేవాళ్ళు తగ్గిపోయారు. మా సమాధుల దొడ్డిలో మాత్రం చోటు చాలట్లేదు. ఎక్కడ బతికినా పోయాక ఇక్కడికే తెస్తున్నారు మరి.

నాన్న ఫోన్ చేశాక వచ్చిన శనివారం మా పాపని తీసుకుని వెళ్ళాను. "ఈ ఘాటులోకా పిల్లని తెచ్చేది? నీకు బుద్ధుందా?" అని అమ్మ గుమ్మంలోనే మొదలుపెట్టింది. మా పాపకి నాలుగేళ్ళు. చలి తిరిగితే చాలు ఆయాసం వస్తుంది. పడుకున్నప్పుడు దాని గుండెల మీద చెయ్యేసి, ఊపిరి వింటూ పడుకోవడం నాకు అలవాటైపోయింది. అయినా తెచ్చాను. దాన్ని వదిలి ఒక పూట ఉండడం కూడా నాకు చేతకాదు. మాస్కు కట్టి, అమ్మని తోడు తీసుకుని చేలోకి వెళ్ళాను.

మేస్త్రి కోడలు ఇప్పుడు తనే మేస్త్రి. జుట్టు నెరిసింది, వేళ్ళ చివర్లు మిరప కోసి కోసి నల్లబడ్డాయి. నన్ను చూసి ఒళ్లోని కాయలు గోతంలో గుమ్మరించి నవ్వింది. "ఏం పాపా, ఇంత పెద్దదానివైనా నువ్వు నా కండ్లకి ఉయ్యాల ఊపేదానివే." ముఠా చిన్నదైపోయింది. పక్క చేలో ఒడిశా వైపు నుంచి వచ్చినవాళ్ళు కోస్తున్నారు. "వాళ్ళ మాట మాకు రాదు, మా మాట వాళ్ళకి రాదు. మిరపకాయకి ఎవరి మాటైనా ఒకటే గదా," అంది. ఆపైన తనే చెప్పింది, వచ్చే ఏడాది రారట. కొడుకులిద్దరూ బెంగళూరులో బిల్డింగుల పనిలో కుదిరారు. తనని కూడా రమ్మంటున్నారు.

నేను రాయి సంగతి చెప్పాను. "అక్కా, పాప పేరేంటి?"

"యా పాప?" అంది. వెంటనే తెలిసింది. చేతిలోని కాయ గోతంలో వేసింది. "పేరు పెట్టలే పాపా. మా తావ ఏడాది నిండినాక ఊళ్ళో దేవర కాడ పెట్టేది. ఉగాదికి పోయి పెడదామనుకుంటిమి," అంది.

"ముద్దుగా ఏమని పిలిచేవాళ్ళు?" అని అమ్మ అడిగింది.

"చిన్నీ అంటుంటిమి. అందరి బిడ్డలూ చిన్నీలే గదమ్మా. రాయి మీద చిన్నీ అని రాస్తారా యాడన్నా?" అని నవ్వింది. నవ్వుతూనే మా పాప వైపు చూసింది. అది మాస్కు పైకి లాక్కుని, రాలిన కాయల్ని గట్టు మీద వరసగా పేరుస్తోంది. "నీ బిడ్డ పేరేంది?"

చెప్పాను. ఆవిడ ఆ పేరుని ఒకటికి రెండుసార్లు నోట్లో తిప్పుకుంది. "బాగుండాది. అదే రాయించు పాపా. నా బిడ్డకి గూడా అదే పెడదాం."

ఆ పేరుని నల్లరాతి మీద, ప్రహరీ లోపల, ఎండలో చూసినట్టయింది. చదువుకున్నదాన్నే, రాతి మీద అక్షరాలు ఊపిరి తియ్యవని తెలుసు. కానీ ఊపిరి కోసం మా పాప నా మెడ పట్టుకుని లేచే క్షణాలు కూడా నాకు తెలుసు. పాపని దగ్గరికి లాక్కున్నాను. అది "నా కాయలూ" అని ఏడుపు లంకించుకుంది.

ఆవిడ నా ముఖం చదివేసింది. "వద్దులే పాపా. బతికుండే బిడ్డ పేరు. నాకు తెలీక అంటి," అంది. బిడ్డని పోగొట్టుకున్నావిడ నన్ను ఓదారుస్తోంది. నేను తల వంచుకునే, "మా నానమ్మ పేరు పెడదామా అక్కా?" అన్నాను.

"అవ్వ పేరా? అవ్వ ఒప్పుకుంటాదా?"

"పక్కే ఇచ్చింది, పేరివ్వదా?" అంది అమ్మ, ముక్కు తుడుచుకుంటూ. ఘాటుకో, మరి దేనికో.

సంఘంలో అభ్యంతరం రాకపోలేదు. ఒకే పేరుతో పక్కపక్కన రెండు రాళ్ళా అన్నారు. "మాస్టారూ, పునరుత్థానం రోజున ఆ పేరు పిలిస్తే ఇద్దరూ లేస్తారు," అని ఒకాయన నవ్వాడు. నాన్న నవ్వలేదు. "లేవనివ్వండి. పాపని ఎత్తుకోడానికి ఒకళ్ళు కావాలిగా," అన్నారు.

లారీ వచ్చే ముందురోజు మా పాపని తీసుకుని నేను మళ్ళీ వెళ్ళాను. రాయి నిలబెట్టారు. తేదీల్లేవు, పేరొక్కటే ఉంది. మేస్త్రి కోడలికి చదువు రాదు. అక్షరాల గాడిలో వేలు పెట్టి, ఎడమ నుంచి కుడికి నెమ్మదిగా జరిపింది. తర్వాత నానమ్మ రాయి దగ్గరికి వెళ్ళి దాని మీద కూడా అలాగే జరిపింది. రెండూ ఒకటేనని తేలాక కొంగు విప్పి బొరుగులు చల్లింది. అప్పుడప్పుడూ వచ్చి చూస్తుండమని నన్ను అడుగుతుందేమో, లేకపోతే తనే మళ్ళీ వస్తానంటుందేమో అని చూశాను. మా పాప తలమీద చెయ్యి పెట్టి, కాసేపు అలాగే ఉంచి తీసింది. ప్రహరీ గేటు దాటేటప్పుడు వెనక్కి తిరగలేదు.

ఇంకొన్నేళ్ళకి మా అమ్మా నాన్నా ఉండరు. నేనూ ఆ ఊరికి వెళ్ళడం తగ్గిస్తాను, తగ్గించకూడదని ఇప్పుడు ఎంత అనుకున్నా సరే. అప్పుడు మా ఊళ్ళోకి ఏ దిక్కు నుంచో వచ్చిన కొత్తవాళ్ళెవరో ఆ రెండు రాళ్ళూ చూసి, నానమ్మ పేరు మనవరాలికి పెట్టుకున్నారు పాపం, అనుకుంటారు. కాదని చెప్పేవాళ్ళు ఎవరూ మిగలరు కాబట్టి, కాలం గడిచేకొద్దీ అదే నిజమైపోతుంది.